కన్నబాబు ఆఖరి బాస్కెట్

"బజర్ మోగాకే బంతి వదిలాడు. మనిషి పోయాడని అబద్ధం సెప్పమంటావేటి?" అన్నాడు కృష్ణంరాజు.

ఉమామహేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మోగకముందే వదిలాడు! ఆ పాస్ ఇచ్చింది నాను. నీకన్నా దగ్గిరున్నాను."

కన్నబాబు పోయి ఆరేళ్ళయింది. వర్ధంతి రోజు మల్కాపురంలో అతని ఇంటి వరండాలో, భోజనాలయ్యాక, ఏటా జరిగే గొడవే ఇది. ముప్పై రెండేళ్ళ కిందట జిల్లా బాస్కెట్‌బాల్ ఫైనల్లో గాజువాక మీద మల్కాపురం ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఆ ఆఖరి బాస్కెట్ కన్నబాబుది. ఆట ముగిసినట్టు బజర్ మోగేలోగా బంతి చెయ్యి దాటితేనే అది చెల్లుతుంది. చెల్లితే అతను ఛాంపియన్, చెల్లకపోతే కప్పు కొట్టేసినవాడు. రెండు జట్ల ముసలాళ్ళూ కలిసే భోంచేస్తారు, చేతులు కడుక్కోగానే చెరోవైపు చేరతారు. కన్నబాబు భార్య గంగాలమ్మ గుమ్మంలో కూర్చుని అంతా వింటుంది.

"అసలు మీ జట్టులో షూటరంటే దుర్గారావు. మెడల్సూ ఆయనకే ఎక్కువ" అన్నాడు గాజువాక తరఫున ఆడిన కృష్ణంరాజు.

"దుర్గారావు గురించి మాటాడ్డానికేటుంది? అందరూ ఒప్పుకున్నదే కదా. మొన్న ఆడి వర్ధంతికెల్లాను. ఇంట్లోవోళ్ళు నలుగురు, నాను. పావుగంటలో మాటలైపోనాయ్."

గంగాలమ్మ తలెత్తి ఉమామహేష్ కేసి చూసింది.

కృష్ణంరాజు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "ఇంక ఈ గోలక్కర్లేదు. మా బావమరిది పెళ్ళి క్యాసెట్ చివర ఆ మ్యాచ్ దొరికింది. పెళ్ళికొచ్చిన వీడియో ఆయనే అదీ తీశాడు. దీన్లోకి ఎక్కించాక టేపు తెగిపోయింది, ఉన్నదిదొక్కటే. ఆఖరిదాకా నానూ సూడ్లేదు. అందరం కలిసి సూద్దాం."

ఆ రోజు బంతి కన్నబాబు చేతిలో ఉండగానే బజర్ విన్నానని ఉమామహేష్ అనుమానం. ఇన్నేళ్ళూ అందరికన్నా గట్టిగా అరిచి ఆ అనుమానాన్ని నొక్కిపెట్టుకుంటూ వచ్చాడు. గబగబా గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"వదినా, టీవీ పాడైపోనాదని సెప్పీ. అన్న పరువు పోతాది" అన్నాడు గొంతు తగ్గించి.

గంగాలమ్మ అతన్ని పట్టించుకోలేదు. కృష్ణంరాజు ముందు చెయ్యి చాపింది. "ఇలా ఇయ్యన్నయ్యా. ముందు నాను సూత్తాను."

తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఉమామహేష్‌కి నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధి కాలేదు. గేటు దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చెప్పులు వేసుకుని, ఎక్కడికెళ్ళాలో తెలియక విప్పేశాడు. లోపల్నుంచి జనం కేకలు వినిపించాయి. కాసేపాగి మళ్ళీ అవే కేకలు. గంగాలమ్మ మూడోసారి కూడా వేసుకుని చూసింది.

తలుపు తీసేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో పెన్‌డ్రైవ్, రెండో చేతిలో పచ్చడి బండ. ఎవరూ అడ్డం పడేలోగా పెన్‌డ్రైవ్‌ని మెట్టు మీద పెట్టి ఒక్కటి వేసింది. అది తునాతునకలైంది.

ఉమామహేష్ మెట్టు మీదే కూలబడ్డాడు. అనుకున్నంతా అయిందని ఏడుపొచ్చింది.

"ఏటమ్మా ఇది!" అన్నాడు కృష్ణంరాజు. "అంటే నాను సెప్పిందే నిజమన్నమాట."

"నానేటీ సెప్పనన్నయ్యా."

"సెప్పకపోతే మాకు అర్థం కాదేటి?"

ఆ మాటతో ఉమామహేష్‌కి ఒళ్ళు మండిపోయింది. చివాల్న లేచాడు. "ఏటర్థమైంది? నువ్వు సూశావా? సూడకుండా కన్నబాబుని అంటావేటి!"

"సూసిన మనిషి ఎందుకు పగలగొడతాది మరి?"

వరండా అంతా లేచింది. ఇరవై గొంతులు ఒకేసారి కన్నబాబు పేరెత్తాయి. కప్పు దొంగన్నారు, కాదు సింహమన్నారు. ఇళ్ళకెళ్ళాల్సినవాళ్ళు కూడా కుర్చీలు ముందుకు లాక్కున్నారు. వచ్చే ఏడు ఆ మ్యాచ్ రెఫరీనే వెతికి తీసుకొస్తానని కృష్ణంరాజు ఒట్టేశాడు.

"తీసుకురా అన్నయ్యా. ఇంకో పదిమందికి వండుతాను" అంటూ గంగాలమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ టీ పెట్టడానికి వెళ్ళింది. తను చూసింది ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా ఎవరికీ చెప్పలేదు.

ఆ వీడియోలో బజర్ మోగింది, బంతి రింగు దాటాకే.