రంగుల్లేని సొరుగులు

బోల్టుబాబు హాలు మధ్యలో సంచులు బోర్లించాడు. గలగలమంటూ ప్లాస్టిక్ ఇటుకలు గుట్టపడ్డాయి. పుట్టినరోజులకి వచ్చినవి, అలకలు తీర్చడానికి కొన్నవి, పక్కింటివాళ్ళు ఇల్లు మారుతూ వదిలేసి పోయినవి. కూతురు పిట్ట కూడబెట్టుకున్న ఆస్తి అది. ఆ ఇటుకలు అటక మీదుండేవి, మంచం కిందుండేవి, చెప్పుల్లో ఉండేవి. ఒకసారి పంచదార డబ్బాలో కూడా దొరికాయి.

బోల్టుబాబు అసలు పేరు ఆయన కొట్టు బోర్డుకే తెలుసు. మేకులూ, మరలూ, బోల్టులూ అమ్మే కొట్టు. వెనక గోడంతా సొరుగులే. ఎవరేమడిగినా మొహం అటు తిప్పకుండానే చెయ్యి వెనక్కి పోతుంది, కావలసిన మర చేతికొస్తుంది. అలాంటి సొరుగుల బీరువా ఒకటి ఇంటికి మోసుకొచ్చాడు.

"ఇటుకలకీ ఓ కిటుకుంది" అంటూ రంగంలోకి దిగాడు. దిగీ దిగగానే రంగులు తీసేశాడు. ఎరుపు ఎరుపుతో, నీలం నీలంతో అని పిట్ట విడివిడిగా పెట్టుకున్నవన్నీ కలిపేశాడు. ఇకనుంచి ఆకారమే ఆధారం. రెండు బొడిపెల ముక్కలు పై సొరుగులో, నాలుగు బొడిపెలవి దాని కింద, ఆ తర్వాత పలకలు, వాలుముక్కలు, చక్రాలు. ప్రతి సొరుగు పిడికీ ఆకురాయితో గాట్లు పెట్టాడు, ఏ సొరుగుకి ఎన్నో లెక్క ప్రకారం.

పిట్ట తల్లి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఇల్లు సర్దుతున్నారా, మమ్మల్ని సర్దుకుపొమ్మంటున్నారా?"

"రెండూ."

"దాని రంగులు దానికి వదిలెయ్యండి. సెలవులేగా!"

"సెలవులు కాబట్టే."

ఇంతలో బావమరిది దిగాడు. గోడలకి రంగులేసే మనిషి. చొక్కా చూస్తే చాలు, ఆ వారం ఏ ఇంటికి ఏ రంగు వేశాడో చెప్పేయొచ్చు. చంకలో పెద్ద సంచి.

"ఏమే కోడలా! ఇదిగో, రంగుకో డబ్బా. డబ్బా కొట్టుకోవడం కాదు గానీ, ఊరంతా గాలించి తెచ్చా."

పిట్ట ఎగిరి గంతేసింది. బోల్టుబాబు మాత్రం డబ్బాలన్నీ మళ్ళీ సంచిలో పెట్టి బావమరిది చేతికిచ్చేశాడు.

"ఏంటి బావా, రంగులంటే నీకంత పగేంటి? మా పొట్ట కొట్టకు!"

"రంగులొద్దురా. సెలవులయ్యేలోగా పిట్ట కళ్ళు మూసుకుని ఒక్క ఇల్లు కట్టాలి. అది చూస్తే చాలు నాకు."

"కళ్ళు మూసుకుని ఇళ్ళు కట్టేది బిల్డర్లు బావా, మనం కాదు."

బావమరిది తన జోకుకి తనే నవ్వుకుని పోయాడు. బోల్టుబాబు పంతం మాత్రం పోలేదు. కళ్ళకి గంతలు కట్టుకుని, చేత్తో తడుముతూనే అయినా తడుముకోకుండా, తలుపూ కిటికీ ఉన్న ఇల్లొకటి పిట్ట కట్టాలి. ఆయనకి ఇంకే కోరికా లేదు.

రోజూ పొద్దున్నే అదే ఆట. మొదట్లో పిట్ట నవ్వుతూనే గంతలు కట్టించుకుంది. పిడి మీద గాట్లు తడిమి సొరుగు లాగేది. అనుకున్నది ఒకటైతే చేతికొచ్చేది ఇంకొకటి. గోడ కాస్త లేచిందనగానే పక్కకి ఒరిగేది. ఓసారి కిటికీ పెట్టాల్సిన చోట చక్రం పెట్టింది.

"ఇల్లు బయల్దేరుతోందే!" అన్నాడు తండ్రి.

అప్పటికి నవ్వింది. పోనుపోను నవ్వు పోయి విసుగొచ్చింది. విసుగు ముదిరి ఏడుపయింది.

ఆయన అటు కొట్టుకి వెళ్ళగానే ఇటు తల్లి సొరుగులన్నీ బోర్లించేది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని రంగుల వారీగా పేర్చేది. సాయంత్రం ఆయనొచ్చి మళ్ళీ ఆకారాల వారీగా మార్చేవాడు. ఇటుకలు అటూ ఇటూ అయ్యాయి. ఇంట్లో అరలు పెరిగిన కొద్దీ అరమరికలూ పెరిగాయి.

సెలవులు చివరికొచ్చాయి. ఆ పొద్దున పిట్ట గంతలు పీకి పారేసింది. వంకర్లు పోయిన గోడ వంక చూసింది.

"ఛీ, ఇది ఇల్లా? చూసి కట్టుకోక ఈ గంతలెందుకు? నీకసలు నేనంటే ఇష్టం లేదు నాన్నా. ఇంకెప్పుడూ నీతో కట్టను!"

ఒక్క తోపు తోసింది. గోడ పోయింది.

బోల్టుబాబు వంగి ముక్కలు ఏరాడు. మరలమ్మే మనిషికి పిల్ల మనసు మరల్చడం చేతకాలేదు.

భార్య వచ్చి ఆయన చేతిలోంచి గంతల గుడ్డ తీసుకుంది.

"ఇక చాలండీ. ఆడుకోనివ్వండి దాన్ని."

ఈసారి ఆయన కాదనలేదు. డబ్బాలు తెమ్మని బావమరిదికి ఆయనే ఫోన్ చేశాడు.

మధ్యాహ్నానికి హాలంతా డబ్బాలు. మావయ్యా, మేనకోడలూ గుట్ట ముందు కూర్చున్నారు. పిట్ట మొహం విప్పారింది. ముక్కలు టపటపా డబ్బాల్లో పడుతున్నాయి. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్న తండ్రి వైపు అది ఒక్కసారి కూడా తిరగలేదు.

"బావ ఓడిపోయాడోచ్!" అని బావమరిది చప్పట్లు కొట్టి, అంతలోనే ఆగాడు. "అదేంటే కోడలా, ముదురాకుపచ్చ తీసుకెళ్ళి నల్ల డబ్బాలో పడేస్తున్నావు?"

పిట్ట ఆ ముక్కని ముక్కుదాకా తెచ్చుకుని చూసింది.

"నలుపే కదా మావయ్యా!"

"చూశావా బావా? గంతలు కట్టీ కట్టీ పిల్ల కళ్ళు పాడుచేశావు!"

పడీ పడీ నవ్వాడు బావమరిది. అక్క నవ్వలేదు. బావ నవ్వలేదు.

ఈ సెలవులు దాటాక ఆ కళ్ళకి మెల్లమెల్లగా నలుపొక్కటే మిగులుతుందని కంటి డాక్టరు ఎప్పుడో వాళ్ళిద్దరికే చెప్పాడు.