గుచ్చుకుందా, బాబాయ్?

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు కొత్త చికిత్స పనిచేస్తోందో లేదో తేల్చే పరిశోధనలో నాకు అప్పగించిన మహత్తర బాధ్యత ఒక్కటే: పెద్దమనుషుల పాదాలకు సూది గుచ్చడం.

నియమం కఠినమైనది. రోగి కళ్ళు మూసుకోవాలి. నేను కొన్నిసార్లు గుచ్చి, కొన్నిసార్లు గుచ్చకుండానే "గుచ్చుకుందా?" అని అడగాలి. ఈసారీ మార్పు కనబడకపోతే, ఇవాళ నా ముందున్న టైలర్ బాబాయ్‌కి చికిత్స ఆపేస్తారు.

బాబాయ్ పదికి పదీ సరిగ్గా చెప్పాడు! ఆరు నెలలుగా స్పర్శ తెలియని పాదం అది. నేను ఎగిరి గంతేశాను.

"ఆగరా అబ్బాయ్," అన్నాడాయన, కళ్ళు మూసుకునే నవ్వుతూ. "గుచ్చినప్పుడేమో 'గుచ్చుకుందా బాబాయ్' అని జాలిగా అడుగుతావు. గుచ్చనప్పుడు పోలీసోడిలా గద్దిస్తావు. కాలికేం తెలిసి చచ్చిందిరా, అంతా చెవుల చలవే!"

నా ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా! చికిత్స ఆపేస్తారు బాబాయ్!"

"తప్పు కొలతలు రాసుకుంటే రేపు ఆ చొక్కా ఎవడికి పడుతుందిరా?"

కాగితం మీద వేసిన పది మార్కులూ అడ్డంగా కొట్టేశాను. సూది పక్కన పెట్టేసి, చప్పుడు చేయకుండా ఆయన పాదం మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

బాబాయ్ కళ్ళు ఇంకా తెరవలేదు. ఉన్నట్టుండి భృకుటి ముడేశాడు.

"ఒరేయ్, నీ చెయ్యేంట్రా ఐసుగడ్డలా ఉంది? ముందు నా పాదం మీంచి తియ్యి!"

ఒట్టు, ఈసారి నేనేమీ అడగలేదు.