పడవెక్కేదాకా

మే 14. పొద్దున చిరుజల్లు. పడవ పగుళ్లకు గుగ్గిలం పూశాను.

నా భార్య చంతీ జిగురన్నం బుట్ట సర్దుకుని, వెదురు కొమ్ములు కోసుకొద్దాం, దీవికి పదమంది. ఆనకట్ట నీళ్లు మా ఊరిని ముంచాక మిగిలిన గుట్ట అది. కొన్నేళ్లు అక్కడే బతికి, చివరికి అందరం ఒడ్డుకు వచ్చేశాం.

తీగల మధ్య మా ఇంటి స్తంభాలు దొరికాయి.

"నీ వంటింట్లో అడవిపంది కాపురం పెట్టింది. నీకంటే శుభ్రంగానే ఉంచింది," అన్నాను.

"అయితే దాన్నే కట్టుకో. నీ గురక అదే భరించగలదు," అంది.

తిరిగి పడవ దగ్గరికి వచ్చేసరికి మబ్బు కమ్మింది. అడవి నుంచి బయల్దేరేటప్పుడు మన ప్రాణం వెనక ఉండిపోకుండా పేరుపెట్టి పిలవాలి, అది పడవెక్కేదాకా ఆగాలి. చంతీ నా పేరు పిలిచింది, తన పేరు పిలుచుకుంది. ఆగాను.

"రా కేమ్, ఇంటికి పోదాం," అని మళ్లీ పిలిచింది.

కేమ్ మా పాప. ఆ గుట్ట మీదే పూడ్చాం. చనిపోయినవాళ్లను వెంట రమ్మనకూడదు. భయమేసి పడవ తోసేశాను.

చంతీ దీవివైపే చూస్తూ కూర్చుంది. ఒడ్డు దగ్గరపడుతుంటే అంది:

"చిన్నపిల్ల కదయ్యా, గబగబా నడవలేదు. కాస్త ఆగకూడదూ?"