ఒక్క చుట్టు

భర్త పోయిన రోజు సాయంత్రం, ఆయన ఆఫీసువాళ్లు సొరుగులోని వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది తెచ్చి ఇచ్చారు.

అందులో కొత్త బూట్ల జత ఉంది. అడుగున మట్టి అంటలేదు. రేపటి నుంచి నడుస్తానంటూ కొన్నవి.

ఆమె పెట్టె మూత వేసి బీరువా మీద పెట్టింది.

తర్వాత ఉద్యోగం, వంట, కూతురి బడి. ఏడుపు రాలేదు. ఆకలీ వేసేది కాదు, కానీ చేతికందింది తినేది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

ఉదయం కూతురు ఈత నేర్చుకునే గంటసేపూ కొలను బయట బెంచీ మీద కూర్చుని ఆఫీసు పని చూసుకునేది. బెంచీ రెండో చివర ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ మనవలిద్దరూ అదే కొలనులో. చూపులు కలిస్తే తల ఊపుకోవడం వరకే.

ఒకరోజు ఆ బెంచీ మీద ఉండగానే డాక్టరు ఫోన్ చేసింది.

"బీపీ ఇలా ఉంటే కష్టమమ్మా. పాపకి ఇప్పుడు మీరొక్కరే. నడుస్తున్నారా లేదా?"

"టైం దొరకట్లేదండీ. రేపటి నుంచి నడుస్తాను."

మర్నాడు పెద్దావిడ పక్కన ఒక కుక్క ఉంది. బస్తాలా ఉంది.

"అమ్మాయ్, దీన్ని ఈ మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిప్పుకొస్తావా? పశువుల డాక్టరు నడిపించమన్నాడు. నా మోకాళ్లు చూస్తే దానికే జాలేస్తోంది."

"నాకు కుక్కలంటే భయమండీ."

"దీనికీ మనుషులంటే భయమే. ఒకళ్లకొకళ్లు సరిపోయారు."

"ఆఫీసు పనుందండీ..."

"నీ సంచి నేను చూస్తుంటాలే."

కాదనడానికి కూడా ఓపిక కావాలి. ఆమె తాడు అందుకుంది.

తిరిగొచ్చేసరికి ఆమే, కుక్కా ఇద్దరూ రొప్పుతున్నారు.

"ఎవరు ఎవర్ని తిప్పుకొచ్చారో తెలీట్లేదు," అంది పెద్దావిడ.

అలా రోజూ. ఒక్క చుట్టు కాస్తా పెరుగుతూ పోయింది.

"రేపు ఫోన్లో మీటింగుందండీ. కుదరదు."

"ఆ ముక్క దానికే చెప్పు. నా మాట వినదు."

కుక్క ఆమె వంకే చూస్తోంది. మర్నాడు ఆమె నడుస్తూనే మీటింగులో మాట్లాడింది.

సంగతి విని తోడికోడలు నవ్వింది. "ఇంటెడు చాకిరీ చాలక ఊళ్లోవాళ్ల కుక్కని కూడా నెత్తినేసుకున్నావా?"

ఆ మాట గుచ్చుకుంది. తాడు తిరిగిచ్చేస్తూ పెద్దావిడతో అంది.

"జీతమిచ్చి ఎవరినైనా పెట్టుకోండి. నేను మీ పనిమనిషిని కాను."

"కాదమ్మా," అంది పెద్దావిడ. "రేపు ఒక్క చుట్టు."

ఆమె సంచి అందుకుని వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది. కుక్క ఎదురు చూస్తుందని.

కొన్నాళ్లకు డాక్టరు మందు తగ్గించింది.

"ఏం చేశారు?"

"ఏం లేదండీ. ఒకావిడ కుక్కని తిప్పుతున్నాను."

"అమ్మా, నీకిప్పుడు మెట్లెక్కితే ఆయాసం రావట్లేదు," అంది కూతురు. అప్పటిదాకా ఆమె గమనించలేదు.

ఒక సోమవారం నుంచి పెద్దావిడ రాలేదు. మనవలూ రాలేదు, కుక్కా రాలేదు.

ఆ వారం చివర్లో, వెనక వీధిలోని ఇస్త్రీ దుకాణం ముందు కుక్క కనిపించింది. ఆమెను చూసి తోక ఊపుకుంటూ లేచింది.

"దీన్ని పెద్దావిడ మీ దగ్గర వదిలి వెళ్లారా?"

ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టాడు.

"ఇది మా కుక్కేనండీ. ఆవిడే పొద్దున్నే వచ్చి అడిగి తీసుకెళ్లేది."

"ఆ మోకాళ్ల నొప్పులతోనా?"

"ఆవిడకి నొప్పులేంటండీ? ఈ పైనే, మూడో అంతస్తు. మొన్న ప్రాణం పోయేదాకా మెట్లు ఎక్కి దిగుతూనే ఉంది."

ఆమె తలెత్తి మూడో అంతస్తు వైపు చూసింది.

"పిల్లలో?"

"పైనే ఉన్నారు. అల్లుడు తెల్లారగానే పనికి పోవాలి. తీసుకెళ్లేవాళ్లు లేక ఈత మానేశారు."

"వాళ్లమ్మ?"

"నిరుడే పోయిందండీ. ఆఫీసులో, కూర్చున్న కుర్చీలోనే. ఈవిడ ఎంత పోరినా, రేపటి నుంచి నడుస్తాననేదట."

కుక్క వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. అతను దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"కుక్క ఎందుకమ్మా అనడిగితే, 'మా అమ్మాయిని నడిపించాలి' అనేది. ఇంకో కూతురుందేమో అనుకున్నాను. మీరేనా?"

ఆమె తాడు అందుకుంది. కుక్కను మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిప్పి తెచ్చి అప్పగించింది.

పిల్లల్ని ఈతకి నేను తీసుకెళ్తానని చెప్పడానికి మాత్రం ఆ మూడంతస్తుల మెట్లు ఇంకా ఎక్కలేదు.