టైరు నీళ్లు

"నీళ్లు యాడికి పోయినాయిరా ఏసూ?"

మహానంది ట్రాక్టరు వెనక టైరును చెప్పుకాలితో తన్నాడు. నిండుగా ఉంటే దబ్బుమనాల్సిన టైరు డొల్లగా మోగింది.

డ్రైవరు ఏసుకుమార్ టైరు వంక చూశాడు గానీ, యజమాని ముఖం వంక చూడలేదు.

"ఎండకు ఇగిరిపోయినాయేమో అన్నా."

"మూసిన టైరులో నీళ్లు ఇగిరేదానికి అదేమన్నా పొయ్యి మీది కుండనా?"

ఆలూరు చుట్టుపక్కల వేసవి దుక్కులు మొదలయ్యాయి. ఎండిన నల్లరేగడి రాయిలా ఉంది. బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపకపోతే మడక నేలలోకి దిగదు, చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. పోయిన వారం తిమ్మయ్య చేలో అదే జరిగింది. "ఇంకోసారి ఇట్లయితే వేరే బండి పిలుచుకుంటా" అని తిమ్మయ్య నలుగురిలో అనేశాడు. ఆ మాట ఊరంతా పాకితే ఈ ఏడు బండికి పని ఉండదు. ఈ పొద్దు మళ్లీ ఆ చేనికే పోవాలి. చూస్తే టైర్లు మళ్లీ ఖాళీ.

"ట్యాంకరొస్తే గానీ ఊర్లో నీళ్లు లేవు. టైరు నీళ్లకు గూడా దొంగలు పుట్టినారు" అన్నాడు మహానంది. "వాల్వు విప్పేది తెలిసినోడే తీసుంటాడు."

"బండి వీధిలోనే ఉంటాది గదన్నా. ఎవురైనా తీసుండొచ్చు."

ఇంతలో ఫోను మోగింది. మహానంది భార్య రామేశ్వరమ్మ. తుంటి ఆపరేషనయి కర్నూలు ఆసుపత్రిలో ఉంది.

"తిన్నావా?"

"తిన్నాలే."

"ఎనుములకు మేతేసినావా? మోటారు బాగు చేయించినావా? నా నిమ్మచెట్టుకు నీళ్లు?"

"ఏసినా, చేయించినా, పోస్తాండా. అన్నీ ఐతాండాయి గానీ, ముందు నువ్వు మాత్రలేసుకో."

ఆమె నవ్వింది. ఆ నవ్వు విని మహానంది కాసేపు ఫోను చెవికే ఆనించుకున్నాడు. ఇంట్లో మోటారు బాగుపడలేదు. పెరటి తలుపు తీసి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. ట్యాంకరు నీళ్లు తనకూ ఎనుములకూ చాలీచాలకుండా ఉంటే, ఇంక మిగతావాటికి ఎక్కడివి? మంచాన పడి ఉన్న మనిషికి ఆ సంగతంతా చెప్పి ఏం ప్రయోజనం?

ఏసుకుమార్ ఆ మాటలేవీ విననట్టు రెంచీ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"సరే, నువ్వు చెప్పొద్దులే" అన్నాడు మహానంది ఫోను జేబులో వేసుకుని. "దొంగ వాడంతట వాడే బయటపడతాడు."

"ఎట్లన్నా?"

"మొన్న నువ్వు పెండ్లికి పోయినావు గదా. నేనే ఆలూరికి పోయి పంచరు షాపులో నీళ్లు పట్టించినా. వట్టి నీళ్లు గాదు. మంచు దేశాల్లో టైరు నీళ్లు గడ్డకట్టకుండా ఏదో ఉప్పు కలుపుతారంట, ఫోన్లో చూసినా."

"ఈడ మనకు మంచు యాడిదన్నా?"

"మంచు కోసం కాదప్పా, దొంగ కోసం. మూట కల్లుప్పు కరిగించి పోయించినా."

"ఉప్పు రిమ్మును తినేస్తాది గదన్నా!"

"తింటే తిననీ. ఆ నీళ్లు మిరపనారుకు పోసినాడో, పూలచెట్లకే పోసినాడో, ఎట్లైనా మాడిపోతాది. ఊరంతా తిరిగి చూస్తా. ఎవుని చెట్టూచేమా మాడితే వాడే దొంగ."

ఏసుకుమార్ చేతిలోని రెంచీ జారి కాలి మీద పడింది. అతను వంగలేదు, అబ్బా అనలేదు.

"ఒక్కసారి పోసినా చచ్చిపోతాదా అన్నా?"

మహానంది తల ఎత్తాడు. "ఒక్కసారి పోసినా అంటే?"

ఏసుకుమార్ రెంచీ తీసి టైరు పక్కన పెట్టాడు.

"నేనే తీసినా. పోయిన వారమూ నేనే, నిన్న సాయంత్రమూ నేనే."

మహానందికి కోపం కన్నా ముందు నీరసం వచ్చింది. ఇంట్లో మనిషిలా చూసుకున్నాడు వీణ్ణి. భార్యను ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు మంచానికి రెండో వైపు పట్టింది వీడే.

"అడిగింటే ఇయ్యనా?"

"నీకే లేవు గదన్నా, ఏమని అడిగేది?"

"అందుకని దొంగతనం చేస్తావా? నా బండిని ఊర్లో నవ్వులపాలు చేస్తావా?" మహానంది సీటు వైపు చెయ్యి చూపించాడు. "తాళాలు ఈడ పెట్టు. రేపట్నుంచి రావద్దు."

ఏసుకుమార్ తాళాలు సీటు మీద పెట్టి కదిలాడు. వీధి మలుపు దాకా పోయి, మళ్లీ గబగబా వెనక్కి వచ్చాడు.

"నన్ను తీసేస్తే తీసెయ్ అన్నా. ఒక ట్యాంకరు మంచినీళ్లు మాత్రం పిలిపించు, ఇప్పుడే. వేర్లకు ఉప్పు పట్టకముందే మొదలంతా కడిగితే బతుకుతాదేమో."

"శానా బాగుంది! దొంగ చెట్టుకు నేను ట్యాంకరు పిలిపించాలా? యాడికి పంపించమంటావు, మీ పేటకా?"

"మీ పెరట్లోకే అన్నా. పోస్తాండానని వదినకు దినామూ చెప్తాండావే, ఆ నిమ్మచెట్టు కాడికి."