దర్వాజ జర పైలం

పాత ఇండ్లు చూడవచ్చిన గుంపంతా ముందరికి పోయింది. ఒక ముసలాయన మాత్రం హనుమండ్లు ఇంటి దర్వాజ కాడ ఆగిపోయిండు.

తలుపు రెక్కల మీద చెక్కిన తామరపూలను ఒక్కొక్కటే తడుముతున్నడు. కడప మాత్రం దాటలే.

హనుమండ్లు పెండ్లాం రామవ్వ బీడీల చాట పక్కకు వెట్టి లేచింది.

"ఏందన్నా, పువ్వులు లెక్కవెడుతున్నవా?"

"పద్దెనిమిది ఉన్నయి చెల్లె. మంచి టేకు."

ఆ మాటతోనే రామవ్వకు అనుమానం పుట్టింది. టేకు సంగతి ఎత్తినోడల్ల ఆఖరికి బేరం సంగతే ఎత్తిండు మరి.

కరీంనగర్ల ఆ గల్లీకి మూడు దినాల పండుగ వచ్చింది. 'మన గల్లి, మన ముచ్చట' అని మూలమలుపు కాడ బ్యానర్ కట్టిండ్రు. ఎవలన్న రావచ్చు, పాత ఇండ్లు తిరిగి చూడొచ్చు, ఏ ఇల్లు ఎవలు కట్టిండ్రో వినొచ్చు. అంతా ఫిరీ. అందరిని నడిపిచ్చేటాయన భానుప్రసాద్. హైదరాబాద్ నుంచి వచ్చిండు, ముప్పై ఏండ్లు ఉంటయి.

హనుమండ్లు ఇల్లు ఏడో నంబర్. ఇంట్ల చూసేటందుకు ఉన్నది ఆ దర్వాజ ఒక్కటే. వాళ్ల తాత చెక్కపని చేసే వడ్లోళ్లను ఏడాది ఇంట్ల వెట్టుకొని, తిండి వెట్టి చేయించిండు. హనుమండ్లు బట్ట నేసే సాంచెలు అమ్ముకున్నడు గని దర్వాజ అమ్మలే. మూడు సార్లు బేరగాళ్లు వస్తే మూడు సార్లు తరిమిండు. బాపు పానం పోయేటప్పుడు చెప్పింది ఒక్కటే ముచ్చట.

"దర్వాజ జర పైలం బిడ్డా."

ముసలాయన గొంతు తగ్గించిండు.

"చెల్లె, ఒక మాట చెప్పిపోదామని వచ్చిన. గీ రెక్కల్ని ఇంట్ల నుంచి కదలనియ్యకుండ్రి."

"ఎవలు కదిలిస్తరు?"

"మీ ఇంట్ల తిన్నోళ్లే."

రామవ్వకు మండింది. నిన్న ఆ ఇంట్ల తిన్నది భానుప్రసాద్ ఒక్కడే. రెండు సర్వపిండ్లు తిని, "అవ్వా, ఇంకోటి ఉన్నదా?" అని అడిగిన పిల్లగాడు. పిల్లలు లేని ఇంట్ల అవ్వా అన్న పిలుపు ఎంత పని చేస్తదో రామవ్వనే అడగాలె.

"నీదే ఊరు?"

"నిర్మల్."

"పోయి నీ ఇంటి తలుపు సంగతి చూసుకోరాదు."

"మా ఇంటికి తలుపు లేదు చెల్లె. చద్దరు కట్టుకున్న."

రామవ్వకు నవ్వొచ్చింది. తలుపు లేనోడు తలుపు గురించి చెప్పవట్టె.

లోపలి నుంచి హనుమండ్లు వచ్చిండు.

"ఎవలే?"

"బేరగాడు. నాలుగోడు."

అప్పుడే భానుప్రసాద్ వెనుకకు తిరిగొచ్చిండు. ముసలాయనను చూసి ఆయన మొఖం మారింది.

"బాపూ, గీయన తలుపుల దొంగ. మేం పోయిన ప్రతి ఊరికి వస్తడు. మాటలల్ల పడకుండ్రి."

దొంగ అన్న మాట వింటనే హనుమండ్లు ముసలాయన జబ్బ పట్టి నూకిండు. ఒక చెప్పు ఊడి కడప కాడ పడ్డది. దాన్ని తీసి ఆయన మీదికే విసిరిండు.

ముసలాయన దుమ్ము దులుపుకున్నడు. చెప్పు తొడుక్కున్నడు. మడతవెట్టిన కాయితం ఒకటి రామవ్వ చేతుల వెట్టి పోయిండు.

రేట్ల కాయితం అయి ఉంటదని రామవ్వ దాన్ని విప్పలే. గూట్ల పడేసింది.

పండుగ ఆఖరి దినం భానుప్రసాద్ రెక్కల కింది అంచు గోటితోని గీకి చూపిచ్చిండు.

"చెదలు మొదలైంది బాపూ. మా కార్ఖానాల మందు కొట్టిచ్చి, పాలిష్ పట్టిచ్చి పది దినాలల్ల తెచ్చి బిగిస్త. మీకు ఒక్క పైస ఖర్చు లేదు."

హనుమండ్లుకు బాపు మాట యాదికొచ్చింది. పైలం అంటే భద్రం, చెదలు పట్టనియ్యద్దనే కదా అనుకున్నడు.

ఒక కాయితం రాసియ్యమందామని నోటిదాక వచ్చింది. బాపూ అని పిలిచేటోన్ని కాయితం ఏమడుగుతమని ఊకున్నడు.

రెక్కలు వ్యానెక్కే ముందర రామవ్వ వాటికి పసుపు రాసి బొట్టు వెట్టింది. ఖాళీ దర్వాజకు పాత చద్దరు కట్టింది.

"పది దినాలే కదా," అన్నది.

పది దినాలు పోయినయి. నెల పోయింది. భానుప్రసాద్ ఫోన్ బంద్ అయింది.

హనుమండ్లు ఠాణాకు పోయిండు.

"నీ చేతులతోని నువ్వే ఎత్తిచ్చినవా?" అని అడిగిండ్రు అక్కడ.

"ఎత్తిచ్చిన సారు."

ఒట్టి చేతులతోని ఇంటికొచ్చిండు. అరుగు మీద కూలబడ్డడు.

"తలుపు పోతే పోయిందే. బాపూ అన్నడే వాడు. పిలిచినప్పుడల్ల పలికిన గదనే నేను."

రామవ్వకు తాను వెట్టిన సర్వపిండి యాదికొచ్చింది.

గాలికి చద్దరు లేచి ఆమె మొఖానికి తాకింది. పక్కకు జరుపబోయిన చెయ్యి అట్లనే ఆగిపోయింది.

"చద్దరు కట్టుకున్న అన్నడు," అన్నది.

"ఎవలు?"

రామవ్వ లోపలికి పోయింది. గూట్ల కాయితం తెచ్చి ఆయన చేతుల వెట్టింది.

హనుమండ్లు మడతలు విప్పిండు. అది రేట్ల కాయితం కాదు. పోయినేడు నిర్మల్ల ఇదే పండుగకు పంచిన కరపత్రం. నడుమ ఒక పెద్ద ఫోటో, దాని కింద రెండు ముక్కలు: 'నెమళ్ల దర్వాజ. ఇంటాయన సిద్దిరాములు.'

ఆ దర్వాజ ముందర, హనుమండ్లు చెప్పు విసిరిన ముసలాయన కొత్త తువ్వాల కప్పుకొని నవ్వుకుంట నిలబడ్డడు, ఆయన భుజం మీద చెయ్యేసి, కొడుకు లెక్క, భానుప్రసాద్ నిలబడ్డడు.