బుసాన్‌కు నాలుగు గీతలు

"బాబాయ్, ఆ డబ్బాలు అటు జరపండి! నా కొత్త బట్ట!"

యొవీటా లారీ బెంచీ చివరికి గెంతింది.

ఆ బట్ట తనే నేసుకుంది, మొగుడికి చూపించాలని.

పెళ్లై రెండు నెలలు. అందులో కనీసియస్ పక్కన ఉన్నది ఇరవై రోజులే. తర్వాత చేపల ఓడలో పనికని కొరియా వెళ్లాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆ ఓడ బుసాన్ రేవు వదులుతుంది. ఇక ఆరు నెలల దాకా అతని ముఖం కనిపించదు.

ఆ రేవులో నెట్ ఉచితమట. ఇక్కడేమో మూడు రోజుల నేత కూలి ఫోన్‌కి పోసి, లారీలో కొండెక్కితే తప్ప సిగ్నల్ నాలుగు గీతలు రావు.

ముసలాయన డబ్బాలను కాళ్ల మధ్యకు లాక్కున్నాడు. మూతల చుట్టూ డీజిలు చెమర్చింది.

"ఈ కంపుకి మా ఆయన కొరియాలో ముక్కు మూసుకుంటాడు!"

లారీ అంతా నవ్వింది.

డ్రైవరు బండి ఆపాడు. "కొత్త పెళ్లికూతురి మాట కాదనకూడదు. దిగు పెద్దాయనా, వెనక బండిలో రా."

సాయంత్రం దాకా వెనక బండి లేదని అందరికీ తెలుసు.

"నా మోటారుసైకిలు పాడైంది నాయనా. పైన అర్జెంటు."

"మాకు కాదా మరి!" అంది యొవీటా.

ఆయన దిగాడు. రెండు చేతులా డబ్బాలు ఎత్తుకుని నడక మొదలుపెట్టాడు.

యొవీటా నవ్వుతూ చెయ్యి కూడా ఊపింది.

కొండమీద, అరటిపండు బజ్జీల బల్ల పక్కన, ఫోన్ కలిసింది.

"కనపడుతున్నానా?"

"నుదురొక్కటే. ఫోన్ కిందికి దించవే పిల్లా, బట్ట చూడ..."

బొమ్మ బిగుసుకుపోయింది. ఒక్క గీతా లేదు.

"అయ్యో! ఓడ వెళ్లిపోతుంది!"

"ఫోన్ టవరు ఆగింది," అంది బజ్జీలమ్మే ఆవిడ. "ఇక్కడ కరెంటేది తల్లీ? డీజిలు పోస్తేనే నడుస్తుంది. ఇవాళ ఎందుకో ఇంకా రాలేదు."

యొవీటా దారి వంక చూసింది. వంపులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"అంత పెద్ద ఫోన్ కంపెనీ... ఒక్క ముసలాయన మీద వదిలేసిందా?" అంది.

"ఆయన నీకెలా తెలుసు?"

యొవీటా తల దించుకుంది.

"కంపెనీ డీజిలు ఆపేసి ఏడాదైంది," అంది ఆవిడ బజ్జీలు తిరగేస్తూ. "ఈ కొండజనంతో గిట్టుబాటు కాదట. మీ మొగుళ్లంతా సముద్రం మీదున్నారని, తన కాఫీ గింజలమ్మి ఆయనే పోస్తున్నాడు."